తొమ్మిది పుంజులు

ఎనిమిది గాజు గొట్టాలు చెక్క స్టాండులో వరసగా నిలబడి ఉన్నాయి. నాలుగింటిలో పైకి తేలిన ద్రవం ఎండుగడ్డి రంగులో తేటగా ఉంది. మిగతా నాలుగింటిలో పాలు పోసినట్టు తెల్లగా, చిక్కగా ఉంది. రక్తాన్ని గిరగిరా తిప్పి ఇచ్చిన యంత్రం ఇంకా పూర్తిగా ఆగలేదు. దాని మూలుగు తప్ప ల్యాబులో చప్పుడు లేదు.

కోళ్ళమ్మ స్టాండు పక్కన నిలబడి చేతి తొడుగులు విప్పుతోంది. ఆమె అసలు పేరు జీతాల జాబితాలో తప్ప ఆ భవనంలో ఎక్కడా వినబడదు. పరిశోధన కోసం తెచ్చే కోళ్ళన్నీ పంతొమ్మిదేళ్ళుగా ఆమె చేతి మీదుగానే పెరుగుతున్నాయి కాబట్టి అందరికీ ఆమె కోళ్ళమ్మే. గింజలు వేసేది ఆమె, నీళ్ళు మార్చేది ఆమె, బరువు తూచేది ఆమె, సూది వేసేది ఆమె. రెక్క విప్పి, ఈకలు తడిపి పక్కకు దువ్వి, నరం వెతికి రక్తం తీసేదీ ఆమే. ఆ రక్తం గొట్టంలో పడ్డాక మాత్రం చదువుకున్నవాళ్ళ సొత్తు.

"ఇవేంటి?" అంది మేడం.

ఆ ల్యాబు ఆమెది. కోపం వస్తే మేడం గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇప్పుడు బాగా తగ్గింది.

"నిన్న పదింటికి సూది వేశాం. ఇవాళ పదింటికి రక్తం తీశాం. ఒక్క రోజులో ఇంత తెలుపు ఎలా వస్తుంది?"

అడగాల్సిన ప్రశ్నే. ఆ ల్యాబులో జరిగే పనంతా కోడి కాలేయం చుట్టూ తిరుగుతుంది. పెట్ట పెట్టే గుడ్డులోని పచ్చసొన సరుకు తయారయ్యేది కాలేయంలో. అక్కణ్ణుంచి రక్తంలో పడి గుడ్డు దాకా వెళుతుంది. పుంజు కాలేయంలో కూడా ఆ సరుకు చేసే జన్యువు ఉంది. కానీ అది పుంజు బతికినంత కాలం నోరు విప్పదు. దాన్ని లేపే ఈస్ట్రోజెన్ అనే హార్మోను పుంజు ఒంట్లో చాలినంత ఉండదు. ఆ హార్మోనును నూనెలో కలిపి సూదితో ఎక్కిస్తే, పుంజు కాలేయం కూడా తన జన్మలో చెయ్యని పని మొదలుపెడుతుంది. గుడ్డు పెట్టడం చేతకాని పుంజు రక్తంలో గుడ్డు సొన పారుతుంది, రక్తం తెల్లబడుతుంది. అయితే మొదటిసారి కాలేయం తటపటాయిస్తుంది. రెండు మూడు రోజులకు గానీ రక్తం చిక్కబడదు. ఇదంతా కోళ్ళమ్మను కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళు ఆ గొట్టాలు పట్టుకుని నిలబడితే గోడలకైనా వస్తుంది.

"మందు తారుమారైనట్టుంది మేడం," అన్నాడు కళ్ళజోడు.

ఈ పరిశోధన అతనిది. డాక్టరేటు కోసం మూడేళ్ళుగా మేడం దగ్గర ఉన్నాడు. ముఖంలో సగం కళ్ళద్దాలే కాబట్టి ఆ పేరు. మంచి పనిమంతుడు, అబద్ధం చెప్పేటప్పుడు అద్దాలు తుడుచుకుంటాడు. ఇప్పుడు తుడుచుకుంటున్నాడు.

"ఫ్రిజ్‌లో రెండు సీసాలున్నాయి కదా. మనకు కావాల్సింది నీలం మూతది. ఎర్ర మూతది పదింతలు గాఢం. నాలుగు కోళ్ళకి ఈవిడ ఎర్ర మూతది ఎక్కించింది."

నిన్నటిదాకా కోళ్ళమ్మ గారూ అని పిలిచిన నోరు. ఒక్క పూటలో ఈవిడ అయిపోయింది.

"ఎర్ర సీసా నేను ముట్టుకోలేదు," అంది కోళ్ళమ్మ. "ఎనిమిదింటికీ నీలం సీసాలోదే వేశాను. మందు కాదు మేడం, కోళ్ళే తేడా. ఆ నాలుగూ పాతవి. పోయిన పరిశోధనలో సూదులు పడినవి. నిన్న పట్టుకున్నప్పుడే బాబుకి చెప్పాను, వీటి నెత్తి మీది తురాయిలు చూడండి, ఒళ్ళు చూస్తే పెద్దది, తురాయి చూస్తే పిల్లకోడిది అని. ఆ మందు పడ్డ పుంజుకే అలా వాడిపోతుంది. వెయ్యవమ్మా, టైమవుతోంది అన్నాడు. వేశాను."

"పాతవి ఎక్కణ్ణుంచి వస్తాయి?" కళ్ళజోడు నవ్వాడు. "రిజిస్టరు తెమ్మంటారా మేడం?"

రిజిస్టరు వచ్చింది. ఒకసారి పరిశోధనకు వాడిన కోడిని రెండోసారి వాడకూడదని రూలు. పని అయిపోగానే తీసెయ్యాలి. ఆ భవనంలో చంపడం అన్న మాట ఎవరూ అనరు, తీసెయ్యడం అంటారు. పోయిన నెల పద్దెనిమిదో తారీఖు కింద, పాత బ్యాచ్ మొత్తం తీసేశామని కళ్ళజోడు గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. పక్కన కోళ్ళమ్మ సంతకం పడాల్సిన గడి ఖాళీగా ఉంది. ఆ తారీఖుతో కలిపి మూడు రోజులు ఆమె సెలవులో ఉంది. అత్తగారికి కంటి ఆపరేషను.

మేడం రిజిస్టరు మూసింది. "శుక్రవారం జంతువుల కమిటీ తనిఖీకి వస్తోంది. ఈ నాలుగు గొట్టాలకీ కాగితం మీద ఒక కారణం ఉండాలి," అంది. ఎవరి మొహమూ చూడలేదు.

మధ్యాహ్నానికి ఆ కారణం తయారైంది. ఆఫీసు గుమాస్తా కోళ్ళగదికి వచ్చి, ముక్కు మూసుకుని, ఒక కాగితం గింజల డబ్బా మీద పెట్టాడు. నా అజాగ్రత్త వల్ల మందు సీసాలు తారుమారైనవి, ఇందుకు నేనే బాధ్యురాలను అని రాసి ఉంది.

"రేపటికల్లా సంతకం పెట్టెయ్ అక్కా. సోమవారం నుంచి నిన్ను కింద సీసాలు కడిగే గదికి వేస్తారట. హాయి కదా, ఈ కంపు తప్పుతుంది."

"కంపు కోళ్ళది కాదులే తమ్ముడూ," అంది కోళ్ళమ్మ. సీసాల గది అంటే ఇక చేతికి సూది ఇవ్వరు. సూది వెయ్యడం చేతకాని చెయ్యి అని ముద్ర పడుతుంది. ఇన్నేళ్ళలో ఒక్క కోడికి నరం చిట్లనివ్వని చెయ్యి అది.

*

ఇంటికి వచ్చేసరికి అత్తగారు వరండాలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆపరేషను అయి నెల దాటింది, డాక్టరు వాటిని తీసెయ్యమన్నాడు, ఆవిడ తియ్యడం లేదు. అవి పెట్టుకుంటే తను ఎవర్ని చూస్తున్నదీ ఎదుటివాళ్ళకు తెలియదనీ, ఈ సుఖం ఇన్నాళ్ళూ ఎవరూ తనకు చెప్పలేదనీ ఆవిడ గొడవ.

కోళ్ళమ్మ భర్త లిఫ్టు మెకానిక్కు. ఆ రోజు తొందరగా వచ్చాడు. గోళ్ళలోని గ్రీజును కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ అంతా విన్నాడు. ఆ కాగితాన్ని అంచులు పట్టుకుని రెండుసార్లు చదివాడు.

"పెట్టెయ్," అన్నాడు. "ఉద్యోగం తియ్యడం లేదుగా. గది మారుస్తున్నారంతే."

"నేను చెయ్యలేదండీ."

"చెయ్యలేదని నాకు తెలుసు. నాకు తెలిస్తే చాలదా? వాళ్ళతో పెట్టుకుని మనం నెగ్గుతామా? నాలుగేళ్ళ కింద ఆ ఫ్రీజరు గొడవలో పెట్టావు కదా, కొంప మునిగిందా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కోళ్ళమ్మ కూరగాయల కత్తిపీట ముందు నుంచి లేచింది.

"మునిగింది. మీకు కనబడలేదు. ఫ్రీజరు ప్లగ్గు పీకింది ఎవరో, రాత్రంతా కరిగిపోయిన సరుకు నా నెత్తిన వేశారు. అప్పుడు నాకు కోపం రావడానికి మూడు రోజులు పట్టింది. వచ్చేసరికి సంతకం ఎండిపోయి ఫైల్లోకి వెళ్ళిపోయింది. మీరేమో కొంప మునిగిందా అంటున్నారు. ఆ సంతకం చూసుకునే కదా ఈ కాగితం కొట్టారు? ఈవిడ పెడుతుందిలే అని!"

"మరి ఇప్పుడు ఎన్ని రోజులు పడుతుంది?" అంది అత్తగారు వరండాలోంచి.

"ఏంటత్తయ్యా?"

"కోపం రావడానికి."

"చదువుతుండగానే వచ్చింది."

"మంచిది," అంది అత్తగారు. "ఒరేయ్, నువ్వు వేలు పెట్టకు. నీకు లిఫ్టు ఇరుక్కుంటే పైకి లాగాలో కిందికి దించాలో తెలుస్తుంది గానీ, మనిషి ఇరుక్కుంటే ఏం తెలుస్తుంది? అమ్మాయ్, నన్ను చూసుకోడానికి నువ్వు సెలవు పెట్టావనే కదా వాళ్ళు ఆ పుంజుల్ని దాచారు. నా కన్ను అడ్డం పెట్టుకుని నిన్ను దొంగను చేస్తారా? పెట్టావంటే నీ చేతి ముద్ద ముట్టను, చెబుతున్నా."

"ముట్టక ఎక్కడికి పోతావ్? నీకు వండేది తనేగా?" అన్నాడు కొడుకు.

"పస్తుంటాను. కళ్ళద్దాలు పెట్టుకుని పస్తుంటాను."

కోళ్ళమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

*

బుధవారం పొద్దున మేడం గది తలుపు సగం తెరిచి ఉంది. కోళ్ళమ్మ లోపలికి వెళ్ళి కాగితాన్ని బల్ల మీద పెట్టింది. సంతకం చోటు తెల్లగానే ఉంది.

"కలం లేదా?" అంది మేడం, తలెత్తకుండా.

"ఉంది. పెట్టను."

మేడం తలెత్తింది. పక్కన కుర్చీలో ఉన్న కళ్ళజోడు అద్దాలు తీశాడు.

"చూడమ్మా, విచారణ అంటే నీకే ఇబ్బంది. రిజిస్టరు నీకు వ్యతిరేకంగా ఉంది."

"రిజిస్టరు రాసింది మనిషే కదండీ. కోళ్ళు రాయలేదు కదా. కోళ్ళనే అడుగుదాం." పొద్దున బస్సులో నిలబడి పదిసార్లు అనుకున్న మాటలు. "వెనక గదిలో ఇంకా ఎనిమిది పుంజులున్నాయి. వచ్చే వారానికి అట్టిపెట్టినవి. పోయిన శుక్రవారం అన్నీ ఒకే గంపల్లో దిగాయి. వాటిలో కూడా పాతవి ఉన్నాయి. మందు మీరే తియ్యండి, సీసా మీరే చూసుకోండి, సూది మీరే వెయ్యండి. నేను కోడిని పట్టుకోవడమే. రేపు ఏ కోళ్ళ రక్తం తెల్లబడుతుందో ఇవాళే రాసిస్తాను. మీ దగ్గరే పెట్టుకోండి."

"ఇదేమైనా జాతకమా?" అన్నాడు కళ్ళజోడు.

"తప్పైతే సంతకం పెడతాను బాబూ. సీసాలు కడుక్కుంటాను."

మేడం కుర్చీలో వెనక్కి వాలింది. ఆమె కోళ్ళమ్మ మొహం కేసి అంతసేపు చూడటం ఈ మధ్య కాలంలో అదే మొదటిసారి. ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నా ఆమె లోపలి పరిశోధకురాలు ఇంకా చావలేదు. ముందే చెప్పి, కవరులో పెట్టి, తరవాత చూద్దాం అంటే ఆ మనిషి కాదనలేదు.

"పద," అంది మేడం, లేస్తూ.

వెనక గదిలో పొట్టు వాసన, అమ్మోనియా ఘాటు. మనుషుల అలికిడికి పుంజులన్నీ ఒక్కసారి మెడలు సాచాయి. కోళ్ళమ్మ మొదటి బోను తలుపు తీసి, అరచేతిని పుంజు రొమ్ము కిందికి పోనిచ్చి, దాని కాళ్ళ మధ్య వేలు దూర్చి ఎత్తింది. కొత్త కోడి అలా పట్టుకుంటే గింజుకుంటుంది, రెక్కలు విదిలించి మొహం మీద కొడుతుంది. రోజుల తరబడి పొద్దున్నే ఆమె చేతిలో రక్తం ఇచ్చుకున్న కోడి గింజుకోదు, ఒళ్ళు వదిలేసి చంకలోకి ఒదుగుతుంది. ఎనిమిదింటినీ అలా ఎత్తి చూసింది. తురాయి చూసింది, బరువు చేత్తోనే తూచింది, దింపేసింది. మూడు గింజుకున్నాయి. నాలుగు ఒదిగాయి. ఒకటి ఇటూ కాకుండా అటూ కాకుండా ముక్కుతో ఆమె గుండీ పొడిచింది. దాని తురాయి పెద్దదిగా, ఎర్రగా ఉంది. కొత్తదే అనుకుంది.

కాళ్ళ రింగుల మీది నంబర్లు నాలుగు రాసి కాగితం మడిచి ఇచ్చింది. మేడం దాన్ని కవరులో పెట్టి, జిగురు అంటించి, అతుకు మీద సంతకం చేసి కోటు జేబులో వేసుకుంది. ఎనిమిది సిరంజిలూ నీలం మూత సీసాలోంచి తనే నింపింది. చాలా ఏళ్ళ తరవాత సూది పట్టిందేమో, మొదటి కోడికి గుచ్చేముందు వేళ్ళు కాస్త తడబడ్డాయి.

"ఇంకొంచెం ఏటవాలుగా అండీ," అంది కోళ్ళమ్మ. "ఎముక తగలదు."

మేడం ఏటవాలుగా పెట్టింది.

*

గురువారం పదిన్నరకు గొట్టాలు యంత్రంలోంచి బయటికి వచ్చాయి. మేడం ఒక్కొక్కటే తీసి నంబరు పైకి చదివి స్టాండులో పెట్టింది. మూడు తేటగా ఉన్నాయి. ఐదు తెల్లగా ఉన్నాయి.

కవరు చింపి చూస్తే కోళ్ళమ్మ రాసినవి నాలుగు.

"ఒకటి తప్పింది," అన్నాడు కళ్ళజోడు వెంటనే. ఊపిరి అంతా ఆ ఒక్క మాటలో వదిలాడు. "చూశారా మేడం, ఊహే కదా. సగం కోళ్ళ నంబర్లు చెబితే ఎవరికైనా కుదురుతాయి."

కోళ్ళమ్మ తను రాయని ఆ ఒక్క నంబరు చూసింది. గుండీ పొడిచిన పుంజు. దాని తురాయి చూసి మోసపోయింది. సంతకం పెడతానని తనే అంది, తన నోటితోనే అంది.

మేడం మాత్రం అతని మాట విననట్టే ఉంది. "ఆ ఐదోదాన్ని తీసుకురా," అంది.

కోళ్ళమ్మ తెచ్చింది. మేడం చెప్పకుండానే ఎడమ రెక్క విప్పి, లోపలి ఈకలు నీళ్ళతో తడిపి పక్కకు దువ్వింది. నరం వెంట, ఇవాళ్టి సూది గాటుకు పైన, మానిపోయిన చుక్కలు వరసగా ఉన్నాయి. ఆరు. కొత్త కోడికి ఇవాళ్టిది తప్ప మరో గాటు ఉండే వీల్లేదు. మేడం కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, వంగి, దగ్గరగా చూసింది. మిగతా నాలుగింటినీ తెప్పించి చూసింది. అన్నింటికీ ఉన్నాయి. తేట రక్తం ఇచ్చిన మూడింటికీ లేవు.

"మొత్తం ఎన్ని?" అంది మేడం. గొంతు దాదాపు వినబడలేదు.

కళ్ళజోడు ఈసారి అద్దాలు తుడుచుకోలేదు. "తొమ్మిది మేడం. అటు నాలుగు, ఇటు ఐదు. పదహారు కావాలంటే ఫారం వాళ్ళు ఏడే ఇస్తామని పోయిన నెలే చెప్పేశారు. కమిటీ వచ్చేలోపు పరిశోధన మొదలైనట్టు కనబడాలి కదా. పాతవాటిని వెటర్నరీ వాళ్ళ షెడ్డులో ఉంచి, రింగులు మార్చి... మూడు వారాలకి వాటి రక్తం పరీక్ష చేశాను మేడం, ఒట్టు. పూర్తిగా తేటబడింది. సూది సంగతి కాలేయం మర్చిపోయిందనుకున్నాను."

"మర్చిపోదు," అంది మేడం.

స్టాండు వైపు తిరిగింది. కోపం ఎటు పోయిందో, మొహం వెలిగిపోతోంది. కోళ్ళమ్మకు చెబుతున్నట్టుగా, నిజానికి తనకు తనే చెప్పుకుంటోంది. "హార్మోను కాలేయం కణంలోకి వెళ్ళి, తన కోసమే కాచుకుని ఉండే ఒక ప్రొటీనును పట్టుకుంటుంది. ఆ రెండూ కలిసి వెళ్ళి జన్యువు పక్కన కూర్చుంటాయి. జన్యువు తలుపుకి లోపల గొళ్ళెం పెట్టి ఉంటుందనుకో. మొదటిసారి ఆ గొళ్ళెం తియ్యడానికే రోజులు పడతాయి. మందు ఆపేస్తే పని ఆగిపోతుంది, రక్తం తేటబడుతుంది. గొళ్ళెం మాత్రం మళ్ళీ పూర్తిగా పడదు. రెండోసారి హార్మోను వస్తే తలుపు నెట్టడమే, గంటల్లో మొదలు. ఎప్పుడో ఎవరో కనిపెట్టి రాసిందే. నేను చదివాను, పాఠం చెప్పాను. కానీ నా గొట్టాల్లో ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు."

ఆ సంగతి కోళ్ళమ్మకు కొత్తగా అనిపించలేదు. చేతిలో ఉన్న పుంజును కాస్త దగ్గరకు తీసుకుంది.

అందరి ముందూ ఒక మాట వస్తుందేమోనని చూసింది. పెద్ద మాటేం కాదు, నీ మీద అన్నది తప్పు అంటే చాలు. కళ్ళజోడు నేల చూస్తున్నాడు. మేడం గొట్టాలను చూస్తోంది. మాట రాలేదు.

*

పిలుపు మాత్రం నాలుగింటికి వచ్చింది. మేడం గదిలో రెండో కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోమంది. ఆ గదిలో కూర్చోవడం కోళ్ళమ్మకు అలవాటు లేదు, అంచున ఆనింది.

ముందుగా మేడం ఆ పాత కాగితాన్ని రెండు ముక్కలు చేసి బుట్టలో వేసింది. "అది అయిపోయింది. కోళ్ళగది నీదే, ఎవరూ ముట్టుకోరు," అంది. తరవాత సొరుగులోంచి ఇంకో కాగితం తీసింది. గుమాస్తా కొట్టినదే. తారీఖు మాత్రం పోయిన నెల పదిహేడు.

"ఇదేంటండీ?"

"అనుమతి. తొమ్మిది పుంజుల్ని రెండోసారి వాడటం కోసం కావాలనే ఉంచామని. నేను సంతకం చేశాను. రిజిస్టరులో పద్దెనిమిదో తారీఖు గడి ఖాళీగా ఉంది కదా, అక్కడ నువ్వు ఒక్క సంతకం పెడితే సరిపోతుంది. పరిశోధన వ్యాసం చివర కృతజ్ఞతల్లో నీ పేరు వేస్తాను. అసలు పేరు."

"పదిహేడుకి మీకు ఈ పుంజుల సంగతి తెలీదు కదండీ."

"తెలీదు." మేడం కణతలు నొక్కుకుంది. "కమిటీకి ఇది తెలిస్తే ల్యాబు మూయిస్తారు. ఆ పిల్లాడి మూడేళ్ళు పోతాయి. ఎవరికి లాభం చెప్పు? మొన్న నీకు అన్యాయం జరగబోయింది, ఆపాను. ఇవాళ నువ్వు నాకు సాయం చెయ్యి."

చాలా మర్యాదగా అడిగింది. అదే కోళ్ళమ్మకు ఎక్కువ నొప్పెట్టింది. గద్దిస్తే లేచి వెళ్ళిపోవడం తేలిక.

"మొన్న అబద్ధాన్ని నా మీద రాశారు," అంది. "ఇవాళ నాతో రాయిస్తున్నారు. మధ్యలో నేను నిజం చెప్పింది ఒక్కరోజు. ఆ ఒక్కరోజు కూడా ఉండనివ్వరా?"

"కాదంటే నేనేం చెయ్యగలనో నీకు తెలుసు."

"తెలుసండీ. ఆ రిజిస్టరు ఒకసారి ఇస్తారా?"

మేడం ఇచ్చింది. సంతకానికే అనుకుంది. ఆ రిజిస్టరుకు ఒక ఆచారం ఉంది. మాటలు రాసేది స్కాలర్లు, గడిలో సంతకం పెట్టేది కోళ్ళమ్మ. పంతొమ్మిదేళ్ళలో ఆమె ఒక్క వాక్యం రాయలేదు. ఇప్పుడు సంచిలోంచి కలం తీసి, పద్దెనిమిదో తారీఖు గడిని వదిలేసి, ఆ రోజు తారీఖు కింద పేజీకి అడ్డంగా రాయడం మొదలుపెట్టింది. నిదానంగా, ఒక్కో అక్షరం విడివిడిగా. ఏడెనిమిది వరసలు పట్టింది. మేడం మధ్యలో చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. పేజీలకు నంబర్లు అచ్చువేసి ఉంటాయి, చింపితే కుదరదు.

కోళ్ళమ్మ చివర సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది, రిజిస్టరును మేడం వైపు తిప్పింది. మేడం చదవలేదు. చదివితే తనకు తెలిసినట్టు అవుతుందనేమో.

"ఇక వెళ్ళు," అంది.

ఆ సాయంత్రం బస్సులో కోళ్ళమ్మ దిగాల్సిన స్టాపు దాటిపోయింది. భయమే. భయం లేదని ఎవరికి చెప్పుకోవాలి?

*

శుక్రవారం కమిటీ వాళ్ళు ముగ్గురు వచ్చారు. పెద్దాయన రిటైరైన పశువుల డాక్టరు. చెవిలో మిషను, చేతిలో కర్ర. కోళ్ళగది అంతా తిరిగి, నీళ్ళ గిన్నెల్లో వేలు ముంచి చూసి, పొట్టు పిడికిట పట్టి తడి ఉందేమో నలిపాడు. "శుభ్రంగా ఉంచావమ్మా," అన్నాడు. కోళ్ళమ్మ తలూపింది. తరవాత అందరూ పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. కళ్ళజోడు ఒక మూల, మేడం మధ్యలో. కోళ్ళమ్మ గోడకు ఆని నిలబడింది.

మేడం తారీఖు మార్చిన అనుమతిని బల్ల మీదికి జరిపింది. పెద్దాయన దాన్ని పక్కన పెట్టుకుని రిజిస్టరు తెరిచాడు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగాడు.

"ఇదెవరి రాత? ఇన్ని పేజీల్లో ఈ చెయ్యి ఎక్కడా లేదే."

కళ్ళజోడు అద్దాలు తుడుస్తున్నాడు.

"నాదండీ," అంది కోళ్ళమ్మ.

"అక్షరాలు చిన్నవి, నా కళ్ళకి ఆనడం లేదు. ఏం రాశావ్?"

కోళ్ళమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. రిజిస్టరు చేతిలోకి తీసుకుంది. ఆయన చెవికి వినబడేలా గొంతు పెంచి, వరస కింద వేలు పెట్టి చదివింది.

"పద్దెనిమిదో తారీఖున పాత కోళ్ళన్నీ తీసేశామని ఇక్కడ రాసి ఉంది. అది నిజం కాదు. తొమ్మిది పుంజులు బతికే ఉన్నాయి. నేను సెలవులో ఉండగా వాటి రింగులు మార్చారు. వాటిని ఉంచడానికి ముందుగా ఎవరూ అనుమతి ఇవ్వలేదు. ఈ వారం నాలుగింటికి నేను, ఐదింటికి మేడం మళ్ళీ సూది వేశాం. మందు తారుమారు కాలేదు. నేను తారుమారు చెయ్యలేదు. సూది వేసేటప్పుడు పాతవని నాకు అనుమానం వచ్చింది. ఒకసారి చెప్పి, టైమవుతోంది అంటే ఊరుకున్నాను. ఊరుకుని సూది వెయ్యడం నా తప్పు."

కిటికీ అవతల ఒక పుంజు కూసింది. పెద్దాయన చెవి మిషను సర్దుకున్నాడు. మేడం వైపు చూశాడు. ఆమె తన చేతులు చూసుకుంటోంది.

"అమ్మా," అన్నాడు, "ఆ ఆఖరి మాట రాయకపోతే పోయేది కదా. అది ఉంటే నీ మీద కూడా చర్య తీసుకోవాల్సి వస్తుంది."

"తీసుకోండి," అంది కోళ్ళమ్మ. "చేసినదానికి తీసుకోండి. నేను చెయ్యనిదానికి మాత్రం ఇక ఎవరికీ నా సంతకం దొరకదు."

పెద్దాయన కలం మూత తీశాడు. అప్పుడు మేడం చెయ్యి చాపి, ఆయన పక్కనున్న అనుమతి కాగితాన్ని తన వైపు లాక్కుంది. ఎవరూ అడగకుండానే దాన్ని రెండుగా చించింది.